ఈహెచ్‌ఎస్ కార్డు ఉంది, పైన ఇంకో పాలసీ కావాలా? విశాఖ పెన్షనర్లు చెప్పండి

ఆరిలోవ మాస్టారు · సోమవారం ఉదయం 6:40

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి 2021లో రిటైరయ్యాను. నాకు 64, మా ఆవిడకి 61. నాకు బీపీ, ఆవిడకి పదకొండేళ్ళుగా షుగరు, థైరాయిడ్ మాత్ర. ఈహెచ్‌ఎస్ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు ఉంది కదా అని ఇన్నాళ్ళూ ఇంకో పాలసీ ఊసే ఎత్తలేదు. ఏజెంట్లు ఫోన్ చేస్తే "మాది గవర్నమెంటు కార్డు బాబూ" అని దర్జాగా పెట్టేసేవాణ్ణి.

పోయినేడాది శ్రావణంలో ఓ రాత్రి రెండు గంటలప్పుడు ఆవిడ లేచి కూర్చుంది. ఒళ్ళంతా చెమట, గుండె దగ్గర పట్టేసినట్టుందంది. పక్కింటి కుర్రాడు కారు తీశాడు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికే పరిగెత్తాం. నేను కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాను. అక్కడున్న అమ్మాయి దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఈహెచ్‌ఎస్‌లో బెడ్లు లేవు సార్, క్యాష్ అయితే ఇప్పుడే ఐసీయూలోకి తీసుకుంటాం" అంది. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? యాంజియో, ఒక స్టెంటు, నాలుగు రోజులు. మొత్తం 3,12,000.

తరవాత కట్టిన డబ్బు వెనక్కిమ్మని ప్రభుత్వానికి రీయింబర్స్‌మెంటుకి పెట్టాను. ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు (ఆ వైద్యం అవసరమేనని డాక్టరిచ్చేది), ప్రతి బిల్లు మీదా డాక్టరు గారి సంతకం. ఎనిమిది నెలలకి 1,26,000 వచ్చింది. ఆవిడ బతికింది, అదే పదివేలు. కానీ ఇంకోసారి ఇలా జరిగితే తట్టుకోలేను.

ఇప్పుడు "ఈహెచ్‌ఎస్‌కి 2 లక్షల లిమిట్ ఉంది కదా, దాని పైన 2 లక్షల డిడక్టిబుల్‌తో (అంటే మొదటి 2 లక్షలు మనం చూసుకోవాలి, ఆ పైది పాలసీ ఇస్తుంది) సూపర్ టాపప్ తీసుకోండి, చవక" అని ఒకాయన చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

దొండపర్తి గార్డు · సోమవారం ఉదయం 7:15

మాస్టారూ, ముందు మేడం గారు కులాసాగా ఉన్నారు కదా, సంతోషం.

నేను రైల్వేలో గూడ్సు గార్డుని. 72 నిండాయి. రిటైరయిన నాడే వైద్యం స్కీము డబ్బు కట్టేశాను. ఉమీద్ కార్డు (రైల్వే వైద్యం కార్డు) జేబులో, రైల్వే ఆసుపత్రి ఇంటికి ఎదురుగా. నా లెక్క ఒక్కటే. ఏడాదికి అరవై వేలు ప్రీమియం కట్టి, వాడేదో కొర్రీ పెట్టి క్లెయిం కొట్టేస్తే ఏడవడం కంటే, ఆ అరవై వేలూ ఎఫ్‌డీలో పడెయ్యండి. ఐదేళ్ళలో మూడు లక్షలవుతుంది. ఏ ఏజెంటుకీ దండం పెట్టక్కర్లేదు.

క్లెయిమ్ బాబాయ్ · సోమవారం ఉదయం 10:05

గార్డు గారూ, ఐదో ఏట జబ్బు చేస్తే మీ లెక్క కరెక్టు. రెండో ఏట చేస్తేనో?

మాస్టారూ, నేను ప్రభుత్వరంగ ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిమ్స్ విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. మీకు సలహా ఇచ్చినాయన మంచివాడే అయ్యుండొచ్చు, కానీ ఆ సలహా తప్పు. అందరూ బోర్లా పడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

మనం మనసులో ఏమనుకుంటామంటే, కింద ఈహెచ్‌ఎస్ అనే అంతస్తు, దాని మీద సూపర్ టాపప్ అనే అంతస్తు. కింద 2 లక్షలు అవగానే మెట్లెక్కి పైకెళ్ళిపోవచ్చని. అలా జరగదు. ఈహెచ్‌ఎస్‌లో ప్రతి చికిత్సకీ ఒక ప్యాకేజీ రేటు. ఆసుపత్రి ఆ రేటుకి ఈ పథకం నడిపే ట్రస్టు దగ్గర తీసుకుంటుంది, మీ దగ్గర తీసుకోకూడదు. కాబట్టి కార్డు మీద చేరితే మీ చేతికి పెద్ద బిల్లే రాదు. బిల్లే లేకపోతే టాపప్ వాడికి ఏం చూపిస్తారు?

అదే కార్డు పనిచెయ్యలేదనుకోండి, మీకు ఆ రాత్రి జరిగినట్టు. అప్పుడు 3,12,000 బిల్లు పూర్తిగా మీ పేరు మీదే. 2 లక్షల డిడక్టిబుల్ ఉన్న పాలసీ మొదటి 2 లక్షలూ మీరు కట్టుకోండి అంటుంది. ఆ పూట ఈహెచ్‌ఎస్ వచ్చి ఆ 2 లక్షలు కట్టదు. మీ జేబు కట్టాలి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మన కార్డుకి ఎంత లిమిట్ ఉందో చూసి డిడక్టిబుల్ పెట్టుకోకూడదు. రేపు తెల్లారేసరికి మన దగ్గర ఎంత డబ్బు పుడుతుందో చూసి పెట్టుకోవాలి.

కాబట్టి గార్డు గారి ఎఫ్‌డీ, నా సూపర్ టాపప్ శత్రువులు కావు. 3 లక్షలు ఎఫ్‌డీ ఉంటే 3 లక్షల డిడక్టిబుల్‌తో తీసుకోండి. అది కూడా లేదంటే మొదటి రూపాయి నుంచి ఇచ్చే బేస్ పాలసీ చిన్నదైనా కావాలి.

లెక్కల టీచరమ్మ · సోమవారం మధ్యాహ్నం 12:30

బాబాయ్ గారూ, టాపప్, సూపర్ టాపప్ రెండూ ఒకటే అనుకుని మా మరిది టాపప్ కొనేశాడు. ఆ తేడా కూడా చెప్పండి. లేదా నేనే చెప్పేస్తాను, లెక్కలు కదా, చెయ్యి ఆగదు.

డిడక్టిబుల్ 3 లక్షలు. జనవరిలో ఒకసారి ఆసుపత్రి, 2,40,000. సెప్టెంబరులో ఇంకోసారి, 2,80,000. ఏడాదికి మొత్తం 5,20,000. టాపప్ అయితే ఏ ఒక్క బిల్లూ 3 లక్షలు దాటలేదు కాబట్టి సున్నా. సూపర్ టాపప్ ఏడాది మొత్తాన్ని కలిపి చూస్తుంది కాబట్టి 2,20,000 ఇస్తుంది. మాట ఒక్కటే తేడా, "సూపర్". ముసలితనంలో ఒకే పెద్ద దెబ్బ కంటే రెండు మూడు చిన్న దెబ్బలే ఎక్కువ, అందుకని ఆ మాట చూసి కొనండి.

డాలస్ అబ్బాయి · సోమవారం రాత్రి 9:50

నమస్తే అంకుల్స్. మా నాన్నగారు రెవెన్యూలో చేశారు, సీతమ్మధారలో ఉంటారు, ఈహెచ్‌ఎస్సే. నాకో సందేహం. ఇక్కడ మా ఆవిడ మేనమామకి మెడికేర్ (65 నిండినవాళ్ళకి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంది, దాని మీద మెడిగాప్ అని ఇంకో పాలసీ కట్టుకుంటారు. డాక్టరు ఖర్చుల్లో మెడికేర్ ఒప్పుకున్న రేటులో 80 శాతం మెడికేర్ ఇస్తే, మిగతా 20 శాతం మెడిగాప్ ఇచ్చేస్తుంది. ఒకటి మీద ఒకటి చక్కగా కూర్చుంటాయి. పైగా 65 నిండి పార్ట్ బీలో (మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం) చేరిన మొదటి 6 నెలల్లో అడిగితే ఏ జబ్బు ఉన్నా ఇవ్వాల్సిందే, ఆరోగ్యం గురించి అడగడానికి లేదు. మన దగ్గర అలాంటిది లేదా?

క్లెయిమ్ బాబాయ్ · మంగళవారం ఉదయం 6:20

లేదు నాన్నా. మీ అక్కడ ఆ రెండో పాలసీని మొదటిదానికి సరిపడేలా చట్టమే కుట్టింది. మన దగ్గర కార్డు కుట్టినవాడు వేరు, పాలసీ కుట్టినవాడు వేరు, ఒకరి కొలతలు ఒకరికి తెలీవు. కాబట్టి ఇక్కడ రెండోది మొదటిదాని మీద కూర్చోదు, పక్కన నిలబడుతుంది. ఒకటి పనిచెయ్యని చోట ఇంకోటి.

ఆ 6 నెలల వెసులుబాటు కూడా మనకి లేదు. కొత్త పాలసీకి 65 అనే గీత 2024లో పోయింది, నిజమే. అంటే ఎనభై ఏళ్ళాయన కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం కంపెనీ ఇష్టం. టెస్టులు చేయిస్తారు, ప్రీమియం పెంచుతారు, లేదా సారీ అంటారు.

సీతమ్మధార అమ్మమ్మ · మంగళవారం ఉదయం 11:10

మా వారు టెలిఫోన్స్‌లో చేశారు. నాకు సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం). మా అనుభవం చెప్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది.

2017లో ఒక ఏజెంటు ఇంటికొచ్చాడు. మా బంధువుల పిల్లాడే. కాఫీ తాగుతూ ఫారం తనే నింపేశాడు. జబ్బులు ఉన్నాయా అన్న చోట వరసగా "లేదు, లేదు, లేదు" అని టిక్కులు. మా వారు "ఒరేయ్, నాకు బీపీ ఉందిరా" అన్నారు. "బీపీ ఎవరికి లేదు బాబాయ్, రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అన్నాడు. సంతకం పెట్టేశారు. 2019లో బైపాస్ అయింది. డిశ్చార్జి సమ్మరీలో డాక్టరు గారు మొదటి లైన్లోనే రాశారు, పదేళ్ళుగా హైపర్‌టెన్షన్ అని. ఆ ఒక్క లైను చాలు. క్లెయిం కొట్టేశారు. హైదరాబాదులో ఇన్సూరెన్సు ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళాం. అక్కడ ఫీజు ఏమీ లేదు, బాగానే విన్నారు, కానీ ఫారం మీద సంతకం మాదే కదా. ఓడిపోయాం. చివరికి సీజీహెచ్‌ఎస్ వాళ్ళే వాళ్ళ రేటు ప్రకారం ఇచ్చారు.

ఆయన పోయాక పాత కాగితాలు సర్దుతుంటే ఆ ప్రపోజల్ ఫారం జిరాక్సు దొరికింది. ఆ టిక్కులు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఫారం మీరే నింపండి తల్లీ, మీ చేత్తో.

క్లెయిమ్ బాబాయ్ · మంగళవారం మధ్యాహ్నం 1:00

అమ్మా, మీరు చెప్పింది బంగారం. నా సర్వీసులో కొట్టేసిన క్లెయిముల్లో ఇలాంటివి ఎన్ని సంతకం పెట్టానో. పెట్టేటప్పుడు చెయ్యి వణికేది, కానీ ఫైలు ముందుంటే ఏం చేస్తాం.

ఇప్పుడు కొంత నయం. మాటవరసకి మూడు చెప్తాను. పాలసీ కొనేనాటికే ఉన్న జబ్బులకి క్లెయిం కోసం ఆగాల్సిన కాలం గరిష్ఠంగా 4 ఏళ్ళు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి 3 ఏళ్ళకి తగ్గించారు. పాలసీ ఆపకుండా 5 ఏళ్ళు కడితే ఆ తరవాత "నువ్వు అది చెప్పలేదు" అని క్లెయిం కొట్టెయ్యడానికి లేదు, మోసం అని రుజువైతే తప్ప. అది ఇదివరకు 8 ఏళ్ళు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు 30 రోజులు. ఆ 30 రోజుల్లో పాలసీతో పాటు వచ్చే ప్రపోజల్ ఫారం కాపీ తెరిచి, మీరు చెప్పిన జబ్బులు అందులో ఉన్నాయో లేవో చూసుకోండి. పాలసీ వచ్చిందని బీరువాలో పెట్టేస్తారు అందరూ.

అమ్మా, సీజీహెచ్‌ఎస్ వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, చాలామంది వాడరు. ప్రైవేటు పాలసీ కూడా ఉంటే ముందు అక్కడ క్లెయిం చేసి, వాళ్ళిచ్చిన సెటిల్‌మెంట్ లెటరు, వాళ్ళు ధ్రువీకరించిన బిల్లుల కాపీలతో మిగిలినదానికి సీజీహెచ్‌ఎస్‌కి పెట్టుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్ తన రేట్ల మేరకే ఇస్తుంది, రెండూ కలిపి అయిన ఖర్చుని దాటకూడదు. ఒరిజినల్స్ పాలసీ వాడికి ఇచ్చేముందు రెండు సెట్లు జిరాక్సు తీయించుకోవాలి.

ఫుల్ కవర్ వైజాగ్ · మంగళవారం సాయంత్రం 4:45

షుగర్, బీపీ, హార్ట్ అన్నీ మొదటి రోజు నుంచే కవర్!! మెడికల్ టెస్టులు అక్కర్లేదు!! 100 శాతం క్లెయిం గ్యారంటీ!! వెంటనే కాల్ చెయ్యండి [నంబరు తొలగించాం]

నిర్వాహకుడు · మంగళవారం సాయంత్రం 5:10

పై సభ్యుడిని నిషేధించాం. ఇక్కడ ఫోన్ నంబర్లు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా... సభ్యులు కూడా తమ కార్డు నంబర్లు, డిశ్చార్జి సమ్మరీ ఫొటోలు పెట్టకండి.

దొండపర్తి గార్డు · మంగళవారం సాయంత్రం 5:25

వందకి వంద గ్యారంటీ అంటే మా రైలు టైముకి వస్తుందన్నట్టే.

కూర్మన్నపాలెం 57 · మంగళవారం రాత్రి 8:30

నాది వేరే కేసు. 57. స్టీల్ ప్లాంటులో వీఆర్‌ఎస్ తీసుకున్నాను. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, వాళ్ళ కంపెనీ గ్రూప్ పాలసీలో మా ఇద్దర్నీ చేర్చాడు. 5 లక్షలు, మొదటి రోజు నుంచే అన్ని జబ్బులకీ. మరి నేను విడిగా కట్టడం దండగ కాదా?

క్లెయిమ్ బాబాయ్ · మంగళవారం రాత్రి 9:15

దండగ కాదు, ఇప్పుడు కట్టడమే తెలివి. అబ్బాయి ఉద్యోగం ఉన్నంతవరకే ఆ పాలసీ. వాళ్ళ కంపెనీలో పొద్దున్న మెయిలొస్తే సాయంత్రానికి ల్యాప్‌టాప్ తీసేసుకుంటున్నారు, మీ పాలసీ కూడా దాంతోపాటే పోతుంది. అప్పటికి మీకు 62 ఉండి, ఓ రెండు జబ్బులు చేరి ఉంటే ఎవరిస్తారు?

ఇప్పుడే విడిగా సూపర్ టాపప్ తీసుకోండి, డిడక్టిబుల్ 5 లక్షలు పెట్టండి. ఎందుకంటే మీ విషయంలో కింద ఉన్న 5 లక్షలు ఇన్సూరెన్సు పాలసీ, అది బిల్లు కడుతుంది, లెటరు ఇస్తుంది, లెక్కలోకి వస్తుంది. ఈహెచ్‌ఎస్‌లా కాదు. అబ్బాయి పాలసీ నడుస్తుండగానే మీ దాంట్లో ఆగాల్సిన 3 ఏళ్ళు కరిగిపోతాయి. పిల్లాడికి ఉద్యోగం మారే టైముకి మీ పాలసీ పండిపోయి ఉంటుంది.

సర్వీసులో ఉన్న టీచర్లు, గుమాస్తాలు ఎవరైనా చదువుతుంటే మీకూ ఇదే. 55లో కొనండి. 62కి కొనొద్దు.

లెక్కల టీచరమ్మ · బుధవారం ఉదయం 10:40

ఇంకో బిల్లు చూపిస్తాను. మా పెద్దక్కది, పోయిన వేసవిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్, కాస్త ముదిరిపోయింది పాపం. పాలసీ 5 లక్షలు. బిల్లు 2,60,000. "5 లక్షలుంది కదే, హాయిగా ఉండు" అన్నాను నేనే. డిశ్చార్జి రోజు బావ చేతిలోంచి 97,600 పోయింది. ఎలా పోయిందో ఆ సాయంత్రం కూర్చుని తవ్వాను.

పాలసీలో రూము అద్దె రోజుకి 5,000 వరకే. అక్క తీసుకున్నది 8,000 రూము. ఏసీ, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. నాలుగు రోజులకి తేడా 12,000, అదే కదా పోయేది అనుకున్నాం. కాదు. 8,000కి 5,000 అంటే 62.5 శాతం. సర్జను, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు అన్నీ కలిపి 1,20,000 అయితే, దాన్ని కూడా 62.5 శాతానికి కోసేశారు, 75,000 ఇచ్చారు. రూముకి 32,000 బదులు 20,000. మందులు, టెస్టులు 1,08,000, వాటి మీద ఈ కోత వెయ్యకూడదు, వెయ్యలేదు కూడా. మొత్తం 2,03,000 తేలింది. హమ్మయ్య అనుకునేలోగా కింద ఇంకో లైను, కో-పే (క్లెయింలో మనం భరించాల్సిన వాటా) 20 శాతం. అరవై దాటాక తీసుకున్న పాలసీ కదా. 40,600 అటు పోయింది. చేతికి 1,62,400.

సముద్రం చూడాలంటే ఆర్కే బీచికి సిటీ బస్సు ఉంది కదా అని బావ ఇప్పటికీ దెప్పుతాడు.

డాలస్ అబ్బాయి · బుధవారం రాత్రి 10:15

అమ్మో. టీచరుగారూ, ఈ పోస్టు నాన్నగారికి వాట్సాప్‌లో పంపించాను. అయితే కొనేటప్పుడు రూము లిమిట్ లేనిది, కో-పే లేనిది చూస్తే చాలా?

క్లెయిమ్ బాబాయ్ · గురువారం ఉదయం 6:30

ఆ రెండూ ముందు చూడు. తరవాత కేటరాక్టు, మోకాలు లాంటి వాటికి విడిగా లిమిట్లు ఉన్నాయేమో చూడు. ఆరోగ్య సంజీవని అని అన్ని కంపెనీలూ ఒకే రూపంలో ఇచ్చే పాలసీ ఉంది, 2020 నుంచి. దాంట్లో దాపరికం లేదు. కో-పే 5 శాతమే, రూముకి పాలసీ మొత్తంలో 2 శాతం, అదీ రోజుకి 5,000 మించకుండా, కేటరాక్టుకి కంటికి గరిష్ఠంగా 40,000. చిన్న బేస్ పాలసీ కావాలనుకునేవాళ్ళకి చదివి అర్థం చేసుకోవడానికి అదే సుళువు. మిగతావాటిని దాంతో పోల్చి చూసుకోవచ్చు.

ప్రీమియం మీద జీఎస్టీ 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద సున్నా చేశారు. అరవై దాటినవాళ్ళకి ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని (ఇన్సూరెన్సు కంపెనీల మీద నియంత్రణ సంస్థ) సంప్రదించాలి. అరవై నిండి పాత పద్ధతిలో ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్ళకి 80డి కింద 50,000 దాకా మినహాయింపు ఉంది, కానీ నోట్ల కట్ట ఇచ్చి కడితే రాదు. చెక్కో, ఫోనో.

దొండపర్తి గార్డు · గురువారం ఉదయం 8:00

70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు కదా, 5 లక్షలు, పేద గొప్ప తేడా లేకుండా. 2024 అక్టోబరులో మొదలెట్టారు. మా వాకింగు బ్యాచిలో ముగ్గురు తీసుకున్నారు. అది పట్టుకుంటే ఈ గొడవంతా ఎందుకు?

సీతమ్మధార అమ్మమ్మ · గురువారం ఉదయం 9:20

నాకు 71. నేనూ అడిగాను. సీజీహెచ్‌ఎస్ ఉన్నవాళ్ళు ఏదో ఒకటే ఎంచుకోవాలట. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వాళ్ళకీ అంతే, నేవీలో చేసిన మా ఎదురింటాయన చెప్పారు. ప్రైవేటు పాలసీ ఉంటే మాత్రం అడ్డు లేదట. నేను సీజీహెచ్‌ఎస్సే ఉంచుకున్నాను. దాంట్లో నెలనెలా మందులొస్తాయి, 70 దాటాక సీజీహెచ్‌ఎస్ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో స్పెషలిస్టుకి రిఫరల్ లేకుండా చూపించుకోవచ్చు. ఆయుష్మాన్‌లో ఆసుపత్రిలో చేరితేనే కదా. గార్డు గారూ, తొందరపడి పాత కార్డు వదులుకోకండి, అడిగి చూడండి.

ఆరిలోవ మాస్టారు · మూడు వారాల తరవాత, ఆదివారం ఉదయం 7:05

అందరికీ కృతజ్ఞతలు. ఏం చేశానో చెప్తాను.

ఇద్దరికీ కలిపి ఒకే ఫ్లోటరు అడిగాను ముందు. స్టెంటు అనగానే ఒక కంపెనీ మర్యాదగా వద్దంది. రెండోది ఫోన్లో గంట ప్రశ్నలడిగి, మెయిల్లో వద్దంది. బాబాయ్ గారికి ప్రైవేటు మెసేజ్ పెడితే "ఆవిడ కోసం మీ అవకాశం కూడా ఎందుకు పాడుచేసుకుంటారు, విడివిడిగా అడగండి" అన్నారు. విడగొట్టాను. నాకు బీపీ రాశాను, మాత్ర పేరు, డోసుతో సహా. టెస్టులకి ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్ళారు. 3 లక్షల డిడక్టిబుల్, 20 లక్షల సూపర్ టాపప్, రూము లిమిట్ లేదు, కో-పే లేదు. ఎఫ్‌డీ ఒకటి విడగొట్టి దానికి కేటాయించాను, పాసుబుక్కు మీద ఎర్ర పెన్నుతో "ఆసుపత్రి" అని రాశాను.

ఆవిడకి మూడో కంపెనీ ఒప్పుకుంది. ప్రీమియం మీద లోడింగు (జబ్బుల వల్ల అదనపు మొత్తం) వేశారు, గుండెకి, షుగరుకి 3 ఏళ్ళు ఆగాలన్నారు. "గుండెకి మూడేళ్ళు ఆగమంటే గుండె ఆగుతుందా" అని ఆవిడ నవ్వింది. అయినా కట్టాను. కాలు విరిగినా, ఇంకో పెద్ద జబ్బు కొత్తగా వచ్చినా అది ఆదుకుంటుంది.

అంటే ఈ మూడేళ్ళూ ఆవిడ గుండెకి ఈహెచ్‌ఎస్ కార్డే దిక్కు. అందుకని మొన్న బుధవారం కార్డు పట్టుకుని పట్టపగలు, ఏ జబ్బూ లేకుండా, నాలుగు ఆసుపత్రులు తిరిగాను. ఈహెచ్‌ఎస్ రోగులకి సాయం చేసే వైద్యమిత్ర కూర్చునే బల్ల దగ్గరికెళ్ళి ఒకటే అడిగాను: "గుండెనొప్పితో రాత్రి రెండింటికి వస్తే ఈహెచ్‌ఎస్‌లో చేర్చుకుంటారా?" మొదటివాళ్ళు పగలబడి నవ్వారు, ఇలా అడిగినవాళ్ళు లేరట. అక్కడ తెలిసింది అసలు సంగతి. ఈ గుర్తింపు ఆసుపత్రి మొత్తానికి కాదు, విభాగాల వారీగా ఇస్తారు. మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒకదానికి ఎముకలకి ఉంది, గుండెకి లేదు! బోర్డు మీద మాత్రం ఈహెచ్‌ఎస్ అని ఇంతెత్తున రాసి ఉంది. ఇంకోదానికి గుండెకి ఉంది, రాత్రి పూట కూడా మిత్ర ఉంటాడు. దూరం రెండు కిలోమీటర్లు ఎక్కువ, అంతే. ఆ రాత్రి ఎడమకి తిరగకుండా కుడికి తిరిగుంటే సరిపోయేది.

ఇప్పుడు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. గుండె అయితే ఎటు, కాలు చెయ్యి అయితే ఎటు, కార్డు చెల్లకపోతే ఏ పాలసీ, ఎఫ్‌డీ ఏ బ్యాంకు. పక్కింటి కుర్రాడికి కూడా ఒక కాపీ ఇచ్చాను, కారు తీసేది వాడే కదా.

క్లెయిమ్ బాబాయ్ · ఆదివారం ఉదయం 8:40

మాస్టారూ, ఇరవై రెండేళ్ళు ఈ పనిలో ఉండి నాకు ఆ నాలుగు ఆసుపత్రులు తిరగాలని తట్టలేదు. ఒక చిన్న సవరణ. ఆ గుర్తింపులు మారుతుంటాయి, బకాయిలు రాలేదని ఆసుపత్రులు మధ్యలో సేవలు ఆపేస్తుంటాయి కూడా. కాగితం మీద తేదీ వెయ్యండి, ఆరు నెలలకోసారి హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి సరిచూసుకోండి.

దొండపర్తి గార్డు · ఆదివారం ఉదయం 9:10

మాస్టారూ, నేను ఓడిపోయాను. మా ఆవిడకి 66, ఆవిడ పేరున అడుగుదామనుకుంటున్నాను. మోకాళ్ళు రెండూ పోయాయి. పాలసీ తీసుకున్నాక ఎన్నాళ్ళకి ఆపరేషను చేయించొచ్చు?

క్లెయిమ్ బాబాయ్ · ఆదివారం ఉదయం 9:30

ఇప్పటికే పోయాయి కాబట్టి అవి ఉన్న జబ్బే. పాలసీని బట్టి రెండు మూడేళ్ళు ఆగాలి. మోకాళ్ళు రైల్వే కార్డు మీద చేయించెయ్యండి గార్డు గారూ, ఇంకా ఎందుకు నడిపిస్తారు ఆవిడ్ని.

దొండపర్తి గార్డు · ఆదివారం ఉదయం 9:34

రేపు సోమవారం ఓపీకి తీసుకెళ్తున్నాను.